కోహాలో నా మొదటి సంతకం

మా కాలేజీ లైబ్రరీలో 31 వేల పుస్తకాలున్నాయి. అందులో తెలుగువి 9 వేల పైచిలుకు. 2017 ఆగస్టులో ఒక సోమవారం పొద్దున బీఏ మొదటి సంవత్సరం అమ్మాయి ఒకామె కంప్యూటర్ ముందు కూర్చుని ‘కవిత్వం’ అని టైపు చేసింది. ఫలితాలు లేవని వచ్చింది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ లేవు. ఆమె వెనకే బీరువా ఉంది, ఆ బీరువా నిండా కవిత్వమే. “మేడమ్, మన దగ్గర తెలుగు పుస్తకాలు లేవా?” అని అడిగింది. లేచి వెళ్ళి నేనే తీసిచ్చాను గానీ, ఆ ప్రశ్న నన్ను రోజంతా వదల్లేదు.

లైబ్రరీ పనులకు వాడే కోహా అనే సాఫ్ట్‌వేర్ మా దగ్గరికి వచ్చింది, కాలేజీలకు గ్రేడు ఇచ్చే నాక్ సంస్థ కోసం. మన దగ్గర చాలా కాలేజీలకు అది వచ్చిన దారి అదే. అప్పట్లో నాక్‌కు పంపే పత్రాల్లో లైబ్రరీ ఆటోమేషన్ గురించి ఒక పట్టిక ఉండేది. సాఫ్ట్‌వేర్ పేరేమిటి, ఆటోమేషన్ పూర్తిగానా పాక్షికంగానా, ఏ వెర్షన్, ఏ సంవత్సరంలో మొదలైంది, ఇవన్నీ నింపాల్సి వచ్చేది. డబ్బు పెట్టి కొనే సాఫ్ట్‌వేర్‌కు మేనేజ్‌మెంట్ ఒప్పుకోలేదు. కోహా ఉచితం అన్నారు. పెట్టిచ్చే పని బయటి వ్యక్తికి అప్పగించారు. ఆయన రెండు రోజులు కూర్చుని ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద కోహా ఎక్కించి, ఎక్సెల్‌లో ఉన్న మా పుస్తకాల నమోదు రిజిస్టర్‌ను అందులోకి దింపి, బిల్లు తీసుకుని వెళ్ళిపోయాడు. తర్వాత ఫోన్ ఎత్తలేదు. నాక్ నుంచి పీర్ టీమ్ తనిఖీకి వచ్చినప్పుడు ఒక ఇంగ్లిషు పుస్తకం వెతికి చూపించాం, సంతోషించారు. తెలుగులో వెతకమని ఎవరూ అడగలేదు.

ఆ సోమవారం రాత్రి పిల్లలు పడుకున్నాక కోహా వాళ్ళకు ఉత్తరం రాశాను. ‘వాళ్ళు’ అంటే ఎవరో నాకు తెలియదు. ఎక్కడో ఒక కంపెనీ ఉంటుందనీ, ఫిర్యాదులు చూడటానికి జీతమిచ్చి ఒక మనిషిని పెట్టి ఉంటారనీ అనుకున్నాను. మీ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు వెతకడం పనిచేయడం లేదు, చాలా అర్జెంటు, రేపటిలోగా సరిచేయగలరు అని రాశాను. ఏ వెర్షనో రాయలేదు. ఏం టైపు చేస్తే ఏం వచ్చిందో రాయలేదు. నమస్కారం కూడా పెట్టలేదు.

తెల్లారేసరికి న్యూజిలాండ్ నుంచి జవాబు వచ్చింది. మనకన్నా వాళ్ళకు ఆరేడు గంటల ముందే తెల్లవారుతుంది. చాలా మర్యాదగా నాలుగు ప్రశ్నలు అడిగారు. ఏ వెర్షన్, ఎలా ఇన్‌స్టాల్ చేశారు, రికార్డుల్లో తెలుగు యూనికోడ్‌లోనే ఉందా, జీబ్రా ఇండెక్సు ఏ పద్ధతిలో నడుస్తోంది. నాలుగింట్లో ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు. ఆ మధ్యాహ్నమే, అందరికీ కనిపించే ఆ ఉత్తరం చూసి, కేరళ నుంచి ఒక లైబ్రేరియన్ కలగజేసుకుని, మలయాళానికి తమకూ ఇదే ఇబ్బంది వచ్చిందని, ఏం చేయాలో వరుసగా రాశారు.

విషయం చిన్నదే. కోహాలో పుస్తకాలను వెతికిపెట్టే పని జీబ్రా అనే ఇంకో ప్రోగ్రాము చేస్తుంది. మాకు పెట్టిచ్చిన పద్ధతిలో అది ఒక అక్షరాల పట్టికను పట్టుకుని ఇండెక్సు కడుతోంది. ఆ పట్టిక రోమన్ అక్షరాలకు సరిపోతుంది, అందులో మన అక్షరాలకు చోటు లేదు. దాని బదులు యూనికోడ్ లిపులన్నీ తెలిసిన ఐసీయూ పద్ధతికి మార్చి, ఇండెక్సు మొత్తం మొదటి నుంచి కట్టించాలి. ఒక ఫైల్లో కొద్ది వరుసలు మార్చడం, ఒక ఆదేశం ఇవ్వడం. కంప్యూటర్ ల్యాబులో పనిచేసే కుర్రాడిని పక్కన కూర్చోబెట్టుకుని భయంభయంగా చేశాను. ఆ రాత్రి సర్వర్ ఆపకుండా ఉంచి ఇంటికి వెళ్ళాను. పొద్దున వచ్చి ‘కవిత్వం’ అని కొడితే 412 పుస్తకాలు. ఆ అమ్మాయిని క్లాసులోంచి పిలిపించి చూపించాను.

ధన్యవాదాలు అని ఒక్క ముక్క రాసి వచ్చేశాను. తర్వాత నాలుగేళ్ళు నేను అటు వెళ్ళింది ఇక్కడ ఏదైనా చెడిపోయినప్పుడే.

ఈ నాలుగేళ్ళలోనే, ఏదో వెతుకుతూ, కోహా కథ చదివాను. న్యూజిలాండ్‌లో లెవిన్ అని ఒక చిన్న ఊరు. ఆ ప్రాంతపు లైబ్రరీలు అప్పట్లో హోరోఫెనువా లైబ్రరీ ట్రస్టు కింద ఉండేవి. 1999లో వాళ్ళ పాత సాఫ్ట్‌వేర్ 2000 సంవత్సరం వస్తే పనిచేయదని తేలింది. కొత్తది కొనే బదులు కాటిపో కమ్యూనికేషన్స్ అనే చిన్న సంస్థ చేత సొంతంగా రాయించుకున్నారు. 2000 జనవరిలో వాడకం మొదలైంది. రాయించుకున్నదాన్ని దాచుకోకుండా జీపీఎల్ లైసెన్సు కింద అందరికీ ఇచ్చేశారు. తర్వాత అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని నెల్సన్‌విల్ పబ్లిక్ లైబ్రరీ, పుస్తకం వివరాలను గళ్ళుగా విడదీసి రాసే మార్క్ రికార్డుల పద్ధతి అందులో లేదని, డబ్బిచ్చి రాయించింది. అదీ అందరిదైంది. నేను రోజూ కేటలాగు చేసే ఆ గళ్ళు ఉన్నది, ఎక్కడో ఒక లైబ్రరీ తన బడ్జెట్‌లోంచి తీసి ఖర్చు పెట్టింది కాబట్టే.

కోహా అన్నది మావోరీ మాట. అతిథులు తమకు ఆతిథ్యమిచ్చేవాళ్ళకు పట్టుకెళ్ళే కానుక అని అర్థం. ఇచ్చిపుచ్చుకోవడం ఆ మాటలోనే ఉంది. చదవగానే నాకు చదివింపుల పుస్తకం గుర్తొచ్చింది. నా పెళ్ళినాటిది మా అమ్మ దగ్గర ఇప్పటికీ ఉంది. ఫలానా వాళ్ళు 116, ఫలానా వాళ్ళు స్టీలు బిందె. వాళ్ళింట్లో శుభకార్యం వస్తే అమ్మ ఆ పుస్తకం తీసి చూసుకునే బయల్దేరుతుంది. ఎవరూ అడగరు, ఎవరూ దాన్ని బాకీ అనరు. అయినా ఆ పుస్తకాన్ని అమ్మ పారేయదు. కోహా పుస్తకంలో నా పేరు పక్కన ఏముందని ఆలోచిస్తే, తీసుకున్నవే ఉన్నాయి.

2021 వేసవికి సంగతి మారింది. లాక్‌డౌన్‌లో పిల్లలు పుస్తకాలు పట్టుకుని ఊళ్ళకు వెళ్ళిపోయారు. 1,100 పుస్తకాలు బయట ఉన్నాయి. గడువు దాటిన పుస్తకాల జాబితాను కోహాలోంచి దింపి డిపార్ట్‌మెంట్లకు పంచుదామనుకున్నాను. ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగు పేర్లు, శీర్షికలు అన్నీ అర్థంలేని గుర్తులుగా వచ్చాయి. పాఠకుల పేర్లు తెలుగులో ఎక్కించాలని పట్టుబట్టింది నేనే. ఈసారి రాసే ముందు వెతికాను. ఎవరో ఇదే లోపాన్ని ముందే నమోదు చేశారు, ఒక ప్రోగ్రామరు దానికి ప్యాచ్, అంటే లోపాన్ని సరిచేసే కోడ్ ముక్క, కూడా రాసి పెట్టారు. ఎనిమిది నెలలుగా అక్కడే ఉంది. పక్కన ‘నీడ్స్ సైనాఫ్’, అంటే ఎవరైనా చూసి సంతకం పెట్టాలి, అని రాసుంది.

సిద్ధంగా ఉన్నదాన్ని ఎందుకు కలపడం లేదని అడిగాను. ప్యాచ్ రాసినామె బదులిచ్చింది. ఎవరైనా పరీక్షించి చూసి సరే అంటే తప్ప ముందుకు కదలదు, తన ప్యాచ్‌ను తానే సరే అనుకోకూడదు, తెలుగు పేర్లతో పరీక్షించగలిగినవాళ్ళు తమ దగ్గర లేరు, మీరు చూడగలరా అని.

నాకు ప్రోగ్రామింగ్ రాదని రాశాను. అక్కర్లేదు అంది.

ఇక్కడ కోహా పద్ధతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామందికి ఈ మధ్యలో ఉన్న మెట్టు కనిపించదు. ఒక మార్పు కోహాలోకి రావాలంటే కనీసం మూడు జతల కళ్ళు దాటాలి. ఒకరు రాస్తారు. ఇంకొకరు వాడి చూసి సంతకం పెడతారు. ఆ తర్వాత నాణ్యత చూసే బృందంలోంచి మరొకరు కోడ్ చదివి, మళ్ళీ పరీక్షించి ఒప్పుకుంటారు. అప్పుడు ఆ దఫా విడుదల బాధ్యత చూసేవారు అసలు కోడ్‌లో కలుపుతారు. ఏటా మే నెలలో ఒకటి, నవంబరులో ఒకటి పెద్ద విడుదలలు వస్తాయి. రాసేవాళ్ళు ప్రోగ్రామర్లు. నాణ్యత చూసేవాళ్ళు ఇంకా అనుభవజ్ఞులు. కానీ మధ్యలో ఉన్న రెండో మనిషి లైబ్రరీలో పనిచేసే ఎవరైనా కావచ్చు. ఇష్యూ కౌంటర్ దగ్గర కూర్చునేవాళ్ళకే కనబడే లోపాలు ఆ మెట్టు దగ్గరే దొరుకుతాయి. రాసేవాళ్ళు దొరికినంతగా ఈ రెండో మనిషి దొరకడు. అందుకే ప్యాచ్‌లు అక్కడ పేరుకుపోతాయి. నేను చూసిన రోజున ఆ వరుసలో వందకు పైగా ఉన్నాయి.

పరీక్షించడానికి శాండ్‌బాక్స్ అని ఒకటి ఇస్తారు. మన సర్వర్‌తో సంబంధం లేని, పారేసుకున్నా పర్వాలేని కోహా. బ్రౌజర్లో లోపం నంబరు ఇస్తే ఆ ప్యాచ్‌తో సహా తయారవుతుంది. ప్యాచ్ రాసినవాళ్ళు పరీక్ష విధానం కూడా రాసి పెడతారు. ముందు ప్యాచ్ లేకుండా చూడాలి, తప్పు నిజంగా ఉందని మన కళ్ళతో చూడాలి. తర్వాత ప్యాచ్ పెట్టి అదే పని చేయాలి, తప్పు పోవాలి. పోయిందా అన్నదొక్కటే కాదు, దానివల్ల ఇంకేదైనా పాడైందా అనీ చూడాలి.

ఒక శనివారం మధ్యాహ్నం మొదలుపెట్టాను. పదిమంది పాఠకుల్ని సృష్టించి తెలుగు పేర్లు పెట్టాను. కావాలనే కష్టమైనవి ఎంచాను: ఒత్తు మీద ఒత్తు ఉన్నవి, విసర్గ ఉన్నవి, సాఫ్ట్‌వేర్ అన్న మాటలో లాగా పొల్లు తర్వాత అక్షరం కలవకుండా కంటికి కనబడని గుర్తు వేసేవి. పుస్తకాలు ఇష్యూ చేశాను, గడువు తేదీలు వెనక్కి జరిపాను, జాబితా దింపాను. ఎక్సెల్‌లో తెలుగు శుభ్రంగా వచ్చింది. సంతకం పెట్టేయబోతూ, మా ఆఫీసు గుమాస్తా ఎప్పుడూ ట్యాబ్‌లతో విడదీసిన ఫైలే అడుగుతాడని గుర్తొచ్చి అదీ దింపి చూశాను. అందులో పాత గుర్తులే ఉన్నాయి.

ఆ సంగతి రాయడానికి గంట పట్టింది. ఎనిమిది నెలలు ఎదురుచూసిన మనిషికి మీది సరిగ్గా లేదని ఎలా చెప్పాలి? చివరికి ఏ మీట నొక్కాను, ఏం వస్తుందనుకున్నాను, ఏం వచ్చింది అని మూడు ముక్కల్లో రాసి, తెరల బొమ్మలు పెట్టాను. 2017లో నేను రాయవలసిన ఉత్తరం అలా ఉండాల్సిందని ఆ గంటలో నాకు బాగా తెలిసొచ్చింది.

రెండు రోజుల్లో కొత్త ప్యాచ్ వచ్చింది, ఆ రెండో దారి తనకు తట్టలేదనీ మంచి పని చేశారనీ ఒక మాటతో. మళ్ళీ పరీక్షించాను. రెండూ సరిగ్గా వచ్చాయి. శాండ్‌బాక్స్‌లో పేరు, ఈమెయిల్ ఇచ్చి సంతకం పెట్టాను. ప్యాచ్ కింద ఒక వరుస చేరింది, ‘సైన్డ్ ఆఫ్ బై’ అని, దాని పక్కన నా పేరు. ఆ ఏడాది చివరి విడుదలలో ఆ మార్పు వచ్చింది. మా సర్వర్‌ను కొత్త వెర్షన్‌కు మార్చాక జాబితా దింపి మా అటెండరుకు చూపించాను. “పేర్లు వచ్చాయి మేడమ్” అన్నాడు. ఎలా వచ్చాయో అతనికి తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు.

ఈ మాట కావాలనే అంటున్నాను. వాడేవాళ్ళందరూ తిరిగి ఏదో ఒకటి చేయాలనడం నాకు ఇష్టం లేదు. కేటలాగులో వెతికే విద్యార్థి చేయనక్కర్లేదు. ఒక్క మనిషే లైబ్రేరియనూ గుమాస్తా అటెండరూ అయిన చోట్ల ఆ మనిషిని అడగడం అన్యాయం. కానీ లక్షల లైసెన్సు ఖర్చు మిగుల్చుకున్న కాలేజీ, వారానికి రెండు గంటలు తన లైబ్రేరియన్‌ను ఈ పనికి వదలగలదు. ఇదే మా ప్రిన్సిపాల్ గారికి నోట్ పెట్టాను. ఇతర సాఫ్ట్‌వేర్ల ధరలు, మేం ఏడేళ్ళలో కట్టకుండా మిగిలిన మొత్తం లెక్క రాసి పెట్టాను. శనివారం మధ్యాహ్నాలు ఇచ్చారు. అది ఇప్పటికీ నడుస్తోంది.

తర్వాత తెలుగు అనువాదం పనిలో చేరాను. తేలిక అనుకున్నాను, దీనికే ఎక్కువ కాలం పట్టింది. కోహాలో పుస్తకం ఇవ్వడాన్ని ‘చెకౌట్’ అంటారు. మన లైబ్రరీల్లో ఎవరూ ఆ మాట అనరు, ఇష్యూ, రిటర్న్ అంటారు. నేను మొదట ‘జారీ’ అని పెట్టాను. మా అటెండరు చదివి, రేషన్ కార్డు జారీ చేసినట్టుంది మేడమ్, ఇష్యూ అంటేనే అందరికీ తెలుస్తుంది అన్నాడు. అతని మాటే ఉంచాం. ‘హోల్డ్’ అని ఉన్నచోట హోల్డ్ అనే రాస్తే పిల్లలకు ఫోన్ కాల్ గుర్తొస్తుంది, ‘రిజర్వు’ అన్నాం. ‘పేట్రన్’ దగ్గర నెలరోజులు ఆగిపోయాం. నాతో కలిసి చేస్తున్న వరంగల్ లైబ్రేరియన్ ‘సభ్యులు’ అనాలన్నారు, నేను ‘పాఠకులు’ అన్నాను. ఆయన వాదన సరైనదే, కార్డు ఉన్నవాళ్ళంతా చదవరు. అయినా గ్రంథాలయానికి వచ్చిన మనిషిని పాఠకుడనే పిలవాలని నాకు గట్టిగా ఉంది. ఆయన నా మాట మన్నించారు. ‘జరిమానా’నా ‘ఫైన్’ అనా అన్నదాంట్లో నేను తగ్గాను.

పని పెరిగేకొద్దీ నా ఫోనుకు సందేశాలు పెరిగాయి. మన జిల్లాల లైబ్రేరియన్లు ఒకరికొకరు వాట్సాప్‌లో ప్రశ్నలు పంపుకుంటారు. రాత్రి పదకొండింటికి ఫోన్ తెరిస్తే, మేడమ్ అర్జెంట్, సర్వర్ రావడం లేదు, రేపు ఇన్‌స్పెక్షన్. ఏ వెర్షనో ఉండదు. ఏం కనబడుతోందో ఉండదు. ఒకసారైతే డబ్బు తీసుకుని కోహా పెట్టిచ్చే వ్యక్తి ఒకరు, తన కస్టమర్లకు నా నంబరు ఇచ్చి ఈ మేడమ్ చూసుకుంటారని చెప్పాడు. ఆయనకు ఫోన్ చేసి కుదరదని చెప్పాను. ఒకే ప్రశ్నకు నెలలో ఆరుగురికి విడివిడిగా జవాబిచ్చిన తర్వాత ఇంకో సంగతి అర్థమైంది. మనవాళ్ళు ఏమీ తిరిగి ఇవ్వడం లేదనడం సరికాదు, గంటల తరబడి ఒకరికొకరు సాయం చేసుకుంటున్నారు. ఆ సాయమంతా ఫోన్లలోనే ఉండి, ఫోన్‌తోనే పోతోంది. లోపాన్ని సరిచేయగలిగిన మనిషికి అది ఎప్పటికీ చేరదు. తెలుగులో వెతకడం పనిచేయడం లేదని మన జిల్లాల్లో నా కన్నా ముందే ఎంతమందికి తెలుసో!

అందుకని 2023 డిసెంబరులో మా కాలేజీలోనే ఒక రోజు శిక్షణ పెట్టాం. 40 మంది వచ్చారు. కోహా వాడటం ఎలా అన్నది పక్కన పెట్టి, లోపం ఎలా రాయాలి, ఒక ప్యాచ్‌ను ఎలా పరీక్షించాలి అన్నదే చెప్పాం. ఒక పెద్దాయన లేచి, ఉచితం అన్నారు కదమ్మా, మళ్ళీ మనకు పనెందుకు అని అడిగారు. కోపంగా కాదు, నిజంగానే. 2017 నాటి నా ఉత్తరం తెర మీద చూపించాను, దాని కింద వచ్చిన జవాబులూ చూపించాను. అవి రాసినవాళ్ళకు మనం జీతమివ్వలేదండీ అని చెప్పాను. ఆయన ఇంకేమీ అనలేదు, మధ్యాహ్నం శాండ్‌బాక్స్ ముందు కూర్చున్నారు. ఆ రోజు 17 మంది పరీక్షలు చేశారు. ఈనాటికీ చేస్తున్నది ఇద్దరు. తెలుగుకు సంబంధించినవి దాటించడానికి ఇద్దరూ నేనూ సరిపోతున్నాం.

తర్వాత మూడు నెలలకు, 2024 మార్చి 29న, ఎక్స్‌జెడ్ గురించి తెలిసింది. లైనక్స్ సర్వర్లలో ఫైళ్ళను కుదించే చిన్న సాధనం అది. మా కోహా నడిచే ఉబుంటులోనూ ఉంది. జియా టాన్ అన్న పేరుతో ఎవరో రెండేళ్ళకు పైగా మంచి సహాయకుడిలా పనిచేసి, నమ్మకం సంపాదించి, చివరికి అందులో సర్వర్లలోకి దూరే దొంగదారి పెట్టారు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ప్రోగ్రామరు తన లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమని తవ్వితే బయటపడింది. పాడైన 5.6.0, 5.6.1 వెర్షన్లు మా సర్వర్‌కు రాలేదని చూసుకున్నాకే ఊపిరి పీల్చుకున్నాను. కానీ నన్ను కుదిపింది 2022 నాటి ఉత్తరాలు. ఆ సాధనాన్ని ఏళ్ళ తరబడి చూస్తున్నది లాసె కోలిన్ అనే ఒక్క మనిషి, జీతం లేకుండా. ప్యాచ్‌లు ఎందుకు కలపడం లేదు, ఇంత ఆలస్యమా, చేతకాకపోతే వేరేవాళ్ళకు అప్పగించు అని రకరకాల పేర్లతో ఆయన మీద ఒత్తిడి తెచ్చారు. ఆ పేర్లు కూడా పన్నాగంలో భాగమేనని చాలామంది అనుమానం. అవి చదువుతుంటే నాకు చెమటలు పట్టాయి. వాళ్ళ ఉద్దేశం వేరు, నాది వేరు, కానీ మాటలు నా మాటలే. అర్జెంటు. ఎందుకు కలపడం లేదు. రేపటిలోగా. నిజమైన పాఠకురాలి తొందరకూ దొంగ తొందరకూ తేడా ఆ ఒంటరి మనిషికి ఎలా తెలుస్తుంది? ఆయన పక్కన ప్యాచ్‌లు చదివి సంతకం పెట్టే మనుషులు ఇంకో నలుగురుంటే ఆ అపరిచితుడి సాయం అంత అవసరమయ్యేదా అని చాలా రోజులు ఆలోచించాను.

అప్పటి నుంచి నాకొక అలవాటైంది. ఏదైనా అడగాల్సి వస్తే, ముందు ఆ వరుసలో ఉన్న ఇంకొకరి ప్యాచ్ ఒకటి పరీక్షించి, ఆ తర్వాతే నాది అడుగుతాను. అది ఎవరూ పెట్టిన నియమం కాదు.

ఇప్పుడు నా ముందున్నది లేబుళ్ళ సంగతి. పుస్తకం వీపు మీద అతికించే లేబుల్‌ను కోహా పీడీఎఫ్‌గా ఇస్తుంది. మా దగ్గర తెలుగులో పెడితే ఒత్తులు విడిపోయి పక్కన పడుతున్నాయి, ‘క్ష’ రెండు ముక్కలవుతోంది. అందుకే ఇన్నేళ్ళుగా తెలుగు పుస్తకాలకు కూడా ఇంగ్లిషులోనే లేబుళ్ళు వేస్తున్నాం. సరిచేయడం తేలిక కాదని, అక్షరాలను కూర్చే పద్ధతే మార్చాల్సి వస్తుందని ప్రోగ్రామర్లు చెప్పారు. ముందు ఏయే అక్షరాలు ఎలా విరుగుతున్నాయో మొత్తం ఒకచోట కావాలన్నారు. గుణింతాలు, ద్విత్వాలు, సంయుక్తాలు వరుసగా వేసి అచ్చు తీస్తున్నాను. వరంగల్ ఆయన ‘మ’ నుంచి ‘ఱ’ దాకా తీసుకున్నారు. నాకు ‘క’ నుంచి ‘భ’ దాకా వచ్చింది, ‘ట’ వర్గం దాకా అయింది. సెమిస్టర్ పరీక్షలు అయిపోగానే మిగతావి పూర్తి చేయాలి.